ఒక టెస్టులో ఒకటే అసర్ట్ ఉండాలా? రివ్యూలో మళ్లీ ఇదే గొడవ

ఎర్రబార్: బిల్లు లెక్క కోడ్‌కి రాసిన టెస్టులో మూడు అసర్ట్‌లు (వచ్చిన విలువ అనుకున్నదేనా అని చూసే లైన్లు) పెట్టాను, జావా టెస్టుల టూల్ జేయూనిట్ 5లో అన్నిటినీ చెక్ చేసి తప్పులన్నీ ఒకేసారి చూపించే అసర్ట్‌ఆల్‌తో కలిపి. కోడ్ రివ్యూలో సీనియర్ గారు "ఒక టెస్టుకి ఒకటే అసర్ట్, మూడు టెస్టులుగా విడగొట్టు" అని ఆపేశారు. విడగొడితే అదే సెటప్ మూడుసార్లు రాయాలి. మీరేమంటారు?

నల్‌పాయింటర్: సీనియర్ గారిదే కరెక్ట్. టెస్టు పేరు చూడగానే ఏది విరిగిందో తెలియాలి. పేరులో "మరియు" వచ్చిందంటే అక్కడ రెండు టెస్టులున్నట్టే.

పాతకాపు: ఒక్కటి ఉండాల్సింది ప్రవర్తన అండి, అసర్ట్ కాదు. ధర 1000, తగ్గింపు 10 శాతం, మిగిలిన 900 మీద పన్ను 10 శాతం, మొత్తం 990 రావాలి అనుకోండి. మామూలుగా వరుసగా రాసి మొత్తాన్ని ముందు చెక్ చేస్తే "990 రావాలి, 1100 వచ్చింది" అని చెప్పి టెస్టు అక్కడే ఆగిపోతుంది, మీరు కూడికలో తప్పుందేమో అని అరగంట ఆ ఫంక్షన్‌లోనే తిరుగుతారు. అదే అసర్ట్‌ఆల్‌లో పెడితే తగ్గింపు 0, పన్ను 100, మొత్తం 1100 అని మూడూ ఒకేసారి కనిపిస్తాయి. తగ్గింపు అసలు పడనే లేదని చూడగానే తెలిసిపోతుంది.

నల్‌పాయింటర్: మూడంటే సరే. మా దగ్గర ఒకాయన పదిహేను పెట్టాడు, పైన నల్ చెక్ (ఆబ్జెక్ట్ అసలు ఉందా, ఖాళీనా అని చూసేది) కూడా అందులోనే. ఆబ్జెక్టే నల్ వచ్చిన రోజు పదిహేనూ ఎర్రబడ్డాయి, అంటే ఫెయిలయ్యాయి. అసలు కారణం ఒక్కటే, మిగతా పద్నాలుగూ దాని వెనక చప్పుడు.

పాతకాపు: అది వాడటం తెలియక వచ్చిన తిప్పలు. నల్ చెక్, లిస్టు సైజు లాంటివి బయట, ముందు ఉండాలి, అవి పడితే టెస్టు ఆగిపోవాలి. సీ++ టెస్టులకి వాడే గూగుల్‌టెస్ట్‌లో ఈ తేడా పేర్లలోనే ఉంది కదా, అసర్ట్ అంటే అక్కడే ఆగుతుంది, ఎక్స్‌పెక్ట్ అంటే తప్పు రాసుకుని ముందుకెళ్తుంది. గో భాషలో ఫేటల్‌ఎఫ్, ఎర్రర్‌ఎఫ్ కూడా అంతే. సేవ్ చేసి, మళ్లీ చదివి, డిలీట్ చేసి, ప్రతి అడుగుకీ ఒక అసర్ట్ పెట్టే టెస్టులున్నాయే, వాటిని మాత్రం నిర్దాక్షిణ్యంగా విడగొట్టాల్సిందే, అక్కడ నేనూ సీనియర్ గారి పక్షమే.

సెమికోలన్: జావాలోనే అసర్ట్‌జే లైబ్రరీలో సాఫ్ట్ అసర్షన్స్ (తప్పు దగ్గర ఆగకుండా అన్నీ పోగేసి చివర్లో చెప్పేవి) వాడేవాళ్లు ఒకటి చూసుకోండి. ఆబ్జెక్ట్ మీరే తయారుచేసుకుని, చివర్లో దాని అసర్ట్‌ఆల్ (జేయూనిట్‌ది కాదు) పిలవడం మర్చిపోతే ఎన్ని తప్పులున్నా టెస్టు పచ్చగానే, అంటే పాసైనట్టే ఉంటుంది. అసర్ట్‌సాఫ్ట్‌లీ వాడితే ఆ పిలుపు అదే చూసుకుంటుంది.

ఎర్రబార్: ఇది చదివి మా రెపోలో (టీమ్ కోడ్ అంతా ఉండే చోట) వెతికాను. రెండు చోట్ల పిలవలేదు. పిలిచి రన్ చేస్తే ఒకటి ఎర్రబడింది, అది రాసింది సీనియర్ గారే 🙂 ఇప్పుడు ఆయనకి ఎలా చెప్పాలో చూడాలి.