సముద్రం పక్కన చెక్కపని షెడ్డు: రేకులు ఎలా బిగించాలి?

అందరికీ నమస్తే. మాది విశాఖపట్నంలోని పెదవాల్తేరు, బీచ్‌కి దగ్గర. ఇంటి వెనక 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు జాగా ఉంటే అందులో చెక్కపనికి ఓ షెడ్డు వేద్దామని నేనూ, మా ఫ్రెండ్సూ పూనుకున్నాం. వాళ్లలో ఒకడికి వెల్డింగ్ వచ్చు, మిగతావాళ్లకి ఉత్సాహం వచ్చు (బిర్యానీ ఖర్చు నాది). నాకు స్టూళ్లు, షెల్ఫులు చేసేంత పనే తెలుసు.

అసలు బాధంతా ఉప్పుగాలితోనే. ఉలికి నూనె రాయకుండా వదిలేస్తే చాలు, అంచు మీద గోధుమరంగు చుక్కలు తేలిపోతాయి, గోటితో గీకితే గరుగ్గా తగులుతాయి. పైగా 2014లో హుద్‌హుద్‌ తుఫానుకి రేకులు ఎలా ఎగిరాయో చూసినవాళ్లం, కాబట్టి పైకప్పు అంటేనే టెన్షన్. రంగు పూత ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకులకి జె హుక్కులు (J ఆకారపు కొక్కేలు) సరిపోతాయా, లేక సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు (తమంతట తామే రంధ్రం చేసుకుని దిగేవి) దగ్గరదగ్గరగా వేయాలా? పైపు ఫ్రేముకి రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్) సరిపోతుందా, ఇంకా గట్టిదైన ఎపాక్సీ పెయింట్ తప్పదా?

ఇంకోటి, రంపపు పొట్టు పోవాలంటే గాలి ఆడాలి, కిటికీ తెరిస్తే ఉప్పుగాలి లోపలికొస్తుంది. సముద్రం వైపు గోడ పూర్తిగా మూసేసి, పడమర వైపు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెడదామనుకుంటున్నా. పనిచేస్తుందా? టేబుల్ రంపానికి వేరే లైను, ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్ చేతే వేయిస్తాం, అందులో రాజీ లేదు. తీరం పక్కన ఇలాంటి షెడ్డు ఉన్నవాళ్లు చెప్పండి, ఫొటో పెడితే మరీ మంచిది.