1887 నాటి దస్త్రం ధ్వంసమైందంటున్నారు: ఎవరిని అడగాలి?

ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలోని 1887 నాటి భూసేకరణ దస్త్రం కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయగా, 28వ రోజున ‘ధ్వంసం చేయబడినది’ అన్న ఒక్క ముక్క జవాబుగా వచ్చింది. మొదటి అప్పీలులోనూ అదే మాట. సూచిక రిజిస్టరును స్వయంగా పరిశీలించాను. ఆ సంఖ్య మీద ఎర్ర సిరా గీత ఉందే తప్ప తేదీ గాని, సంతకం గాని లేవు.

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం 8వ సెక్షను ప్రకారం, 1892కు ముందటి పత్రం భద్రపరచినా ఉపయోగపడనంతగా పాడైందని నేషనల్ ఆర్కైవ్స్ డైరెక్టర్ జనరల్ అభిప్రాయపడితే తప్ప దాన్ని నాశనం చేయరాదు. ఆ పదవికున్న బాధ్యతలన్నింటిలో నాకు అత్యంత విలువైనదిగా తోచేది ఇదే.

అటువంటి అభిప్రాయం అసలు నమోదైందో లేదో తేల్చమని నేను నేరుగా డైరెక్టర్ జనరల్‌కే అర్జీ పెట్టుకోవచ్చా, లేక 7వ సెక్షను కింద ఆ కార్యాలయపు రికార్డు అధికారి ముందుగా ఆయనకు నివేదిక పంపాల్సి ఉంటుందా?