అమ్మ పాస్‌బుక్‌లో నెలనెలా 295 రూపాయల కోత, ఇది దేనికి?

అందరికీ నమస్కారం. మొన్న అమ్మ పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించాను. మే నెలాఖరులో పోయిన 436, 20 రూపాయలు ప్రధానమంత్రి జీవన్ జ్యోతి, సురక్షా బీమా ప్రీమియంలట. అవి సరే.

అర్థం కానిది 295. జూన్, జూలై, ఆగస్టు, వరుసగా మూడుసార్లు. పక్కన సగం చెరిగిన అచ్చులో ‘ఏసీహెచ్ డెబిట్ రిటర్న్ ఛార్జ్’ అని ఉంది. ఎవరినడగాలో తెలియక అమ్మ ఒక్కోదాని చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టి పెట్టుకుంది. అది చూసి ప్రాణం ఉసూరుమంది. 250కి 18 శాతం జీఎస్టీ కలిపితే సరిగ్గా 295. అంటే ఎవరో ఆటో డెబిట్ పెడుతున్నారు, బ్యాలెన్స్ చాలక అది వెనక్కి పోతోంది, జరిమానా అమ్మకు పడుతోంది అనుకుంటున్నాను. రెండేళ్ల కిందట ఫ్రిజ్ వాయిదాల మీద కొన్నాం, ఆ బాకీ ఎప్పుడో తీరిపోయింది. అప్పుడు ఆటో డెబిట్‌కు ఇచ్చిన మ్యాండేట్ (అనుమతి) ఇంకా బతికే ఉందా?

బ్రాంచిలో ‘కంపెనీనే అడగండి’ అన్నారు. ఏ కంపెనీయో తెలిస్తే కదా! కాగితం మీద రాసిస్తే మ్యాండేట్ యూఎంఆర్ఎన్ (దాని గుర్తింపు నంబరు), కంపెనీ పేరు ఇస్తారా? రద్దు బ్యాంకులోనే చేయించొచ్చా? పోయిన 885 రూపాయలు ఎవరికైనా తిరిగొచ్చాయా? వచ్చే నెల కోత పడేలోపు ఆపాలి, తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.