1989 బుల్లెట్ 350: కొత్త కార్బొరేటర్ వేశాక ఇంజన్ స్పీడు వెంటనే దిగడం లేదు

అలిపిరి_బుల్లెట్ (తిరుపతి):
అన్నలందరికీ నమస్కారం. మా నాయన బండి, 1989 మోడల్ బుల్లెట్ 350. పాత కాస్ట్ ఐరన్ ఇంజన్, కుడికాలు గేరు. దాని కార్బ్ మిక్‌కార్బ్ వీఎం24 (గాలి దారి 24 మి.మీ.). అందులో స్లైడ్ (యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచే ముక్క) బాగా అరిగి లొడలొడలాడుతుంటే మద్రాసు నుంచి అదే సైజు కొత్త కార్బ్ తెప్పించి ఇక్కడే వేయించాను. పెట్టె మీద తయారీ పేరు ఏమీ లేదు.

చల్లగా ఉన్నప్పుడు ఒక్క కిక్కుకే స్టార్ట్ అవుతోంది. వేడెక్కాక మాత్రం యాక్సిలరేటర్ వదిలినా స్పీడు వెంటనే దిగదు, కాసేపు అట్లే ఉండి మెల్లగా దిగుతుంది. భాకరాపేట ఘాట్ ఎక్కేటప్పుడు మూడో గేరులో, సగం యాక్సిలరేటర్ దగ్గర తడబడుతుంది. పూర్తిగా తిప్పితే లాగుతుంది. దిగేటప్పుడు సైలెన్సర్లో టపటపా పేలుతుంది. ప్లగ్ తీసి చూస్తే తెల్లగా ఉంది. మెకానిక్ ఏమో ‘28 మి.మీ. కార్బ్ వేసేద్దాం, అన్నీ పోతాయి’ అంటున్నాడు. నాయన ససేమిరా అంటున్నాడు. నాకైతే టెన్షన్‌గా ఉంది, ఇంజన్ ఏమైనా అవుతుందేమో అని. ఏం చేయమంటారు?

మదనపల్లె_350:
బ్రో, నా 350కి 28 వేసుకున్నాను. హైవేలో హాయిగా పోతుంది. కానీ కార్బ్ ఒక్కటే మారిస్తే కుదరదు, ఇంజన్ హెడ్ దగ్గర మానిఫోల్డ్ (కార్బ్‌ను ఇంజన్‌కు కలిపే గొట్టం), జెట్లు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రాల ముక్కలు) అన్నీ చూసుకోవాలి. టౌన్‌లో పికప్ మందగించింది, మైలేజీ కూడా తగ్గింది. బండి ఒరిజినల్‌గా ఉండాలనుకుంటే వద్దు.

చిత్తూరు_కాస్ట్ఐరన్:
తమ్ముడూ, మీ నాయన మాటే సరైనది. 28 అనేది బుల్లెట్ 500కి కంపెనీ ఇచ్చిన సైజు. 350 ఇంజన్ లాగే గాలి తక్కువ. దారి పెద్దదైతే లోపల గాలి వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే జెట్ నుంచి పెట్రోలు సరిగా పైకి లేవదు. ఘాట్లో ఇంకా ఇబ్బంది పడతావు. నువ్వు చెప్పినవన్నీ చూస్తే ఒకటే అర్థమవుతోంది: గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. దీన్నే లీన్ అంటారు. 28 వేసినంత మాత్రాన అది పోదు. ఇట్లాగే తిప్పితే ఇంజన్ వేడి పెరుగుతుంది కాబట్టి సరిచేసేదాకా ఘాట్ ఎక్కకు.

ముందు గాలి ఎక్కడ దూరుతోందో పట్టుకో. ఈ కార్బ్ హెడ్‌కు రెండు నట్లతో బిగుస్తుంది. ఎవరైనా వాటిని బలమంతా పెట్టి బిగిస్తే ఫ్లాంజ్ (హెడ్‌కు ఆనే కార్బ్ అంచు) చెవులు రెండూ హెడ్ వైపు వంగి మధ్యలో సందు వస్తుంది. ఇంజన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఉంచి, కార్బ్, హెడ్ కలిసే చోట చుట్టూ సబ్బునీళ్లు బ్రష్‌తో రాయి. స్పీడు మారిందంటే గాలి అక్కడే లోపలికి దూరుతోంది. కొందరు పెట్రోలు చల్లి చూస్తారు, ఆ పని మాత్రం చేయొద్దు, వేడి ఇంజన్ మీద మంట లేస్తుంది.

సందు ఉంటే కార్బ్ విప్పి, ఫ్లాంజ్ మీద స్టీల్ స్కేలు నిలబెట్టి వెలుతురులో చూడు. కింద నుంచి వెలుగు కనబడితే మందపాటి అద్దం మీద 400 నంబరు వాటర్ పేపర్ పరిచి, ఫ్లాంజ్ సమానమయ్యేదాకా మెల్లగా రుద్దాలి. ఆ పొడి లోపలికి పోకుండా తర్వాత బాగా కడుగు. కొత్త ఓ రింగ్ వేసి, రెండు నట్లూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించు. సైలెన్సర్‌కు పోయే బెండ్ పైపు హెడ్‌లోకి దూరే చోట కూడా చూడు. అక్కడ లూజుగా ఉన్నా దిగేటప్పుడు పేలుతుంది, దానికి కార్బ్‌తో సంబంధం లేదు.

తర్వాత జెట్లు. పాతది కంపెనీతో వచ్చిన కార్బ్ అయితే దాని మెయిన్ జెట్ (పూర్తి యాక్సిలరేటర్‌కు), స్లో జెట్ (ఐడిలింగ్‌కు) మీద ఉన్న నంబర్లు చదివి కొత్త వాటితో పోల్చు. పేరులేని కార్బ్‌లలో ఏ నంబరు వేసి పంపుతారో నమ్మకం లేదు. తేడా ఉంటే, మర సరిపోతే, పాత జెట్లే శుభ్రం చేసి వేయి. తీగతో పొడవొద్దు, రంధ్రం పెద్దదవుతుంది. నీడిల్ (స్లైడ్‌కు వేలాడే సూది), అది దూరే నీడిల్ జెట్ మాత్రం పాతవి వేయకు, ఇన్నేళ్లు రాసుకుని అరిగి ఉంటాయి.

ఎయిర్ స్క్రూ పూర్తిగా లోపలికి తిప్పి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి తీసి మొదలుపెట్టు. ఈ కార్బ్‌లో స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తీస్తే గాలి పెరుగుతుంది. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత సెట్టింగ్ మీద కూడా బండి కొంచెం లీన్‌గానే నడుస్తుంది. ట్యాంకులో తుప్పు ఉంటే దాన్ని కూడా వదిలించి కిందికి తెస్తుంది, పైపులో ఫిల్టర్ వేసుకో.

మదనపల్లె_350:
ఒక మాట. సెట్టింగ్ తిరుపతిలోనే చెయ్ బ్రో. మా హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్ల ఎత్తు, అక్కడ గాలి దాదాపు పదో వంతు పలచన. పైన ప్లగ్ నల్లగా కనబడిందని నీడిల్ దించితే, కిందికొచ్చాక మళ్లీ లీన్ అవుతుంది.

అలిపిరి_బుల్లెట్:
అన్నా, స్కేలు పెడితే వెలుగు బాగా కనబడింది! రుద్ది, ఓ రింగ్ మార్చాను. స్లో జెట్ నంబరు కూడా కొత్తదాంట్లో చిన్నదే ఉంది, పాతది వేశాను. ఇప్పుడు స్పీడు టక్కున దిగుతోంది, పేలుడు చాలావరకు తగ్గింది. మీరు చెప్పినట్టు ఘాట్ ఎక్కలేదు కానీ కరకంబాడి రోడ్డులో సగం యాక్సిలరేటర్ దగ్గర తడబాటు ఇంకా కొంచెం ఉంది. నీడిల్ క్లిప్ పై నుంచి రెండో గాడిలో ఉంది.

చిత్తూరు_కాస్ట్ఐరన్:
చాలా సంతోషం తమ్ముడూ. మిగిలింది నీడిల్ పనే. పావు నుంచి ముప్పావు యాక్సిలరేటర్ దాకా పెట్రోలు ఎంత పోవాలో ప్రధానంగా అదే చూస్తుంది. క్లిప్ మూడో గాడికి దించు. క్లిప్ కిందికి పోతే నీడిల్ పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. ఒక్క గాడి మాత్రమే మార్చి చూడు. స్లైడ్ తిరిగి వేసేటప్పుడు కోసిన అంచు ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండాలి, పక్కనున్న గాడి లోపలి పిన్నులో కూర్చోవాలి. కూర్చోకపోతే యాక్సిలరేటర్ పైనే పట్టేస్తుంది, అది ప్రమాదం. స్టార్ట్ చేయకముందే తిప్పి వదిలి చూడు, టప్పుమని కింద పడే చప్పుడు వినబడాలి.

హ్యాండిల్ గ్రిప్ మీద టేపు అతికించి పావు, సగం, ముప్పావు గీతలు పెట్టు. ఖాళీ రోడ్డులో సగం గీత దగ్గర కాసేపు ఒకే తీరుగా నడిపి, వెనుక ఎవరూ రాకుండా చూసుకుని, క్లచ్ పట్టి ఇంజన్ ఆపి పక్కకు తీసుకుని ప్లగ్ చూడు. లేత గోధుమరంగు వస్తే చాలు. వచ్చాకే ఘాట్ ఎక్కు.

పాత కార్బ్ పారేయకు. ఫ్లోట్ కప్పు, చోక్ ప్లంజర్, స్క్రూలు ఒరిజినల్‌వి దొరకడం కష్టంగా ఉంది. నూనె రాసి కవర్లో చుట్టి పెట్టుకో.