ఇత్తడి కవచం ముక్కు దగ్గర పగులుతోంది, కాచడంలో తప్పు జరిగిందా?

ప్రశ్న (తిరుపతి):
మా వీధి అమ్మవారికి ఇత్తడి కవచం చేస్తున్నాను. చెంపలు బాగానే లేచాయి. ముక్కు దగ్గరికొచ్చేసరికి వెంట్రుకవాసి పగుళ్లు. నిన్న మధ్యాహ్నం మిద్దె మీద గ్యాస్ మంటతో కాచి, ఎర్రబడగానే నీళ్లలో ముంచాను. నీళ్లలో ముంచినందుకే గట్టిపడిందా? పండగ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు (చిత్తూరు):
అన్నా, తప్పు నీళ్లది కాదు. కాల్చి ముంచితే గట్టిపడేది ఉక్కు. ఇత్తడి సుత్తి దెబ్బకు గట్టిపడుతుంది, కాస్తే మెత్తబడుతుంది. ఆ తర్వాత ముంచినా, గాలికి వదిలేసినా ఒకటే.

మిట్టమధ్యాహ్నం కాచడమే పొరపాటు. ఎండలో ఎరుపు కంటికి ఆనిందంటే వేడి మితిమీరినట్టే. మనకు కావలసింది 550–600 డిగ్రీలు. లైటు ఆర్పిన గదిలో ఎరుపు కనీకనపడనట్టు ఉంటుంది, అక్కడే మంట తీసేయాలి. తెల్లటి పొగ లేచిందా, ఇత్తడిలోని జింక్ పోతోందన్నమాట. ఆ పొగ పీల్చకండి, జ్వరం వస్తుంది. కిటికీలు మాత్రం తెరిచి ఉంచండి.

చెంపల మీద వేలితో రాసి చూడండి. బత్తాయి తొక్కలా గరుకుగా ఉందా? ఉంటే వేడి మితిమీరిందనడానికి అదే గుర్తు.

ఇంకో మాట. సుత్తి మోత వినండి. మెత్తటి రేకు 'దబ్' అంటుంది, గట్టిపడ్డాక 'టంగ్' అంటుంది. ఆ మోత మారగానే ఆపి మళ్లీ కాచాలి. ముక్కులాంటి లోతైన చోట ఒక్క కాపుతో పని కాదు, ఎన్నిసార్లయినా ఓపిగ్గా కాచాల్సిందే.

ఇంకొకరు (తిరుపతి):
పని అయ్యాక కవచాన్ని పశువుల కొట్టం పక్కన పెట్టొద్దు. బ్రిటిష్ వాళ్ల కాలంలో మన దేశంలో గుర్రపుశాలల దగ్గర దాచిన తూటాల ఇత్తడి గొట్టాలు వానాకాలంలో వాటంతటవే పగిలేవి. సాగదీసిన ఇత్తడిలో బిగువు మిగిలిపోతుంది, దానికి గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా తోడైతే పగులుతుంది. చివర్లో 250–300 డిగ్రీల దగ్గర ఓ గంట ఉంచితే ఆ బిగువు పోతుంది, గట్టిదనం పోదు.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, బత్తాయి తొక్కలాగే ఉంది. ఈ రేకు పనికొస్తుందా?

జవాబు (చిత్తూరు):
చెంపలను నున్నటి సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేసి సరిచేయొచ్చు. ముక్కు మాత్రం ఆశ వదులుకోండి. ఆ భాగం కోసేసి, కొత్త రేకుతో విడిగా ముక్కు లేపి, వెండి టంకంతో అతకండి. అతికేటప్పుడు వేడికి చుట్టుపక్కల రేకు మెత్తబడుతుంది కాబట్టి చెంపల చివరి మెరుగు ఆ తర్వాతే పెట్టుకోండి.