ప్రక్షేపక గమన ప్రదర్శన: లెక్క ప్రకారం 80 సెంటీమీటర్లు, గోళం పడుతున్నది 59 దగ్గర

ప్రశ్న:
ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రక్షేపక గమనాన్ని, అంటే విసిరిన వస్తువు గాలిలో సాగే తీరును, తరగతిలోనే చూపించాలని ఒక అమరిక తయారు చేశాను. అల్యూమినియం ఎల్ యాంగిల్‌ను దాని మూల కిందికి ఉండేలా బల్ల మీద వాలుగా బిగించి, చివరి భాగాన్ని బల్లకు సమాంతరంగా వంచి, 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి ఉక్కు గోళాన్ని వదులుతున్నాను. అంచు నుంచి నేలకు 80 సెంటీమీటర్లు ఉంది. స్థితిశక్తి అంతా గతిశక్తిగా మారితే అంచు దగ్గర వేగం సెకనుకు 1.98 మీటర్లు, నేలను చేరే కాలం సుమారు 0.4 సెకను, కాబట్టి వ్యాప్తి, అంటే నేలను తాకేలోపు గోళం అడ్డంగా వెళ్లే దూరం, 80 సెంటీమీటర్లు రావాలి. కార్బన్ కాగితం మీద గుర్తులు మాత్రం 59 దగ్గరే గుంపుగా పడుతున్నాయి. ఘర్షణ ఇంత నష్టం చేయగలదా? గోళం పడే చోటును ముందే గీసి చూపాలని నా కోరిక.

మొదటి జవాబు:
గుర్తులు గుంపుగా పడుతున్నాయంటే మీ అమరిక చక్కగా ఉన్నట్లే. మీ గోళం జారడం లేదు, దొర్లుతోంది. శక్తిలో కొంత భాగం భ్రమణానికి పోతుంది. చదునైన వాలు మీద దొర్లే ఘనగోళానికి వ్యాప్తి 68 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మీ ఎల్ యాంగిల్‌లో గోళం అడుగున కాక రెండు పక్కలా ఆనుతుంది కనుక, దొర్లడానికి లెక్కకు వచ్చే వ్యాసార్ధం అసలు వ్యాసార్ధంలో సుమారు 0.71 వంతే, అదే వేగానికి మరింత జోరుగా తిరగాలి. అప్పుడు భ్రమణ శక్తి ముందుకు సాగే గతిశక్తిలో 2/5 వంతుకు బదులు 4/5 వంతు అవుతుంది, వ్యాప్తి 60 సెంటీమీటర్ల లోపుకు వస్తుంది. ఘర్షణ వల్ల పోయింది ఆ మిగిలిన కొద్దిపాటి తేడా మాత్రమే.

రెండవ జవాబు:
పై వివరణ సరైనదే కానీ, జడత్వ భ్రామకం (వస్తువును తిప్పడం ఎంత కష్టమో చెప్పే రాశి) ఇంకా చదవని పిల్లలకు దాన్ని ఇప్పుడే చెప్పడం నాకు ఇష్టం లేదు. వాలు లెక్కను పూర్తిగా పక్కన పెట్టండి. నేల మీద పడిన 59 సెంటీమీటర్ల నుంచి వేగాన్ని పిల్లలతోనే కట్టించండి, సెకనుకు 1.46 మీటర్లు వస్తుంది. తరువాత 60 సెంటీమీటర్ల ఎత్తున్న స్టూలును అంచు కింద పెట్టి, ఈసారి ఎక్కడ పడుతుందో అడగండి. పడే ఎత్తు నాలుగో వంతు అయింది కనుక కాలం సగమవుతుంది, క్షితిజ సమాంతర వేగం మారదు, కాబట్టి గోళం 29.5 దగ్గర పడాలి. చాలామంది పిల్లలు నాలుగో వంతు దూరమే అంటారు. వాళ్ల చేత ఆ గీత కూడా గీయించి, ఆ తరువాతే గోళాన్ని వదలండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. స్టూలు పద్ధతే చేస్తాను. చివరి భాగం నిజంగా సమతలంగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రెండవ జవాబు ఇచ్చినవారు:
గోళాన్ని ఆ భాగంలో ఊరికే ఉంచండి. ఎటూ కదలకుండా నిలిస్తే సరిపోతుంది. దూరాన్ని బల్ల అంచు నుంచి కాక, యాంగిల్ కొసన దారానికి బరువు కట్టి వేలాడదీసి, అది నేలను చూపే చోటు నుంచి కొలవండి. కార్బన్ కాగితం కింది తెల్ల కాగితాన్ని టేపుతో నాలుగు మూలలా అంటించకపోతే గోళం తాకినప్పుడల్లా అది జరుగుతుంది.