సమస్యాపూరణం: కాఫి పోయఁ గూర కమ్మనయ్యె

నిర్వాహకుడు:
అందరికీ నమస్కారం. మా చెల్లెలి కొడుకు టెక్సస్ నుంచి సెలవులకు తిరుపతి వచ్చి, అక్కడి కారం కూర 'చిలీ'ని మాంసం లేకుండా వండిపెట్టాడు. రాజ్మా, టమాటా, ఎండుమిర్చి, జీలకర్ర, అంతా మనింట్లో ఉండే సామానే. కూర ఉడుకుతుండగా ఫిల్టర్‌లో ఉన్న డికాషన్ తీసి గరిటెడు పోసేశాడు. మా ఇంటావిడ 'అయ్యో' అంది. తిన్న తరువాత ఏమీ అనకుండా ఇంకో గరిటె వడ్డించుకుంది. ఆ పూటే ఈ పాదం తట్టింది. దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి.

కాఫి పోయఁ గూర కమ్మనయ్యె

స్వర్ణముఖి:
రాత్రి నానబెట్టి రాజ్మాల నుడికించి
మిరపకాయ ముద్ద మెదిపి కలిపి
కడకు గరిటెనిండఁ గారమ్ము నణఁగించు
కాఫి పోయఁ గూర కమ్మనయ్యె

కాణిపాకం మాస్టారు:
ధార చక్కగా ఉందమ్మా. 'రాజ్మాల నుడికించి' దగ్గర నాలుక ఎక్కడా తడబడలేదు, పరాయి మాటను పద్యంలో అంత సులువుగా ఇమడ్చడం అందరికీ రాదు. నా అభ్యంతరం 'కారమ్ము నణఁగించు' మీద. కాఫీకి ఆ శక్తి లేదు. పాలలో, పెరుగులో కేసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, మిర్చిలో కారం పుట్టించే కాప్సైసిన్‌ను నాలుక మీంచి వదిలించేది అదే. డికాషన్‌లో పాలెక్కడివి? దాని చేదు టమాటా తీపిని, పులుపును సరిచేస్తుంది, వేయించిన వాసన తెస్తుంది, అంతే. 'గారమ్మునకు జోడు' అని మార్చి చూడండి.

చంద్రగిరి కోట:
అందరూ కాఫీని చట్టిలోనే పోస్తున్నారు. సమస్యలో అలా అని ఎక్కడుంది?

చట్టి పొయ్యిమీఁద సన్నగా నుడుకంగ
నతిథి వచ్చె నంత నతని గ్లాసు
లోన నురుగుతోడ లోకమ్ము మఱపించు
కాఫి పోయఁ, గూర కమ్మనయ్యె

తోతాపురి:
అన్నా, విరుపు అదిరింది! ఒక్క కామాతో చిక్కు విడిపోయింది.

స్వర్ణముఖి:
విరుపు నాకూ నచ్చింది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ రెండో పాదంలో 'నతని గ్లాసు' చూడండి. 'గ్లా' ముందు 'ని' గురువైతే గణం పోయినట్టే. ఉగాదికి 'వేపపువ్వు నమల వింత తీపి' ఇచ్చినప్పుడు నేను 'చిన్న ప్లేటులోన జీడిపప్పు' అని రాస్తే, గణభంగం అని తేల్చింది తమరే. ప్లేటుకో న్యాయం, గ్లాసుకో న్యాయమా?

చంద్రగిరి కోట:
అక్కా, ఆ రోజు నేను ముందు అడిగింది ఉగాది పచ్చట్లో జీడిపప్పు ఏమిటని. గణం మాట తరువాత వచ్చింది.

స్వర్ణముఖి:
మా ఇంట్లో వేస్తాం. ముందో తరువాతో, గణభంగం అన్నారా లేదా?

నిర్వాహకుడు:
అన్నారు, నాకూ గుర్తుంది. విడి తెలుగు మాట వెనక సంయుక్తాక్షరంతో ఇంకో విడి మాట వస్తే ముందున్న లఘువు లఘువే. సంస్కృత సమాసమైతే వేరే సంగతి. కాబట్టి ఇక్కడ గ్లాసూ నిర్దోషం, అక్కడ ప్లేటూ నిర్దోషం. ఉగాది పూరణల కింద కూడా ఈ మాట రాసి పెడతాను. ఇంకా అనుమానం ఉన్నవాళ్లు 'నతని కప్పు' అని చదువుకోవచ్చు.

చంద్రగిరి కోట:
కప్పు మాత్రం వద్దండీ. మన తిరుపతిలో ఫిల్టర్ కాఫీ అంటే స్టీలు గ్లాసు, కింద డబరా. గ్లాసు పైకెత్తి డబరాలోకి పోస్తేనే ఆ నురుగు. గణం కోసం కప్పు పెడితే మూడో పాదంలో నురుగు అబద్ధమవుతుంది.

అలిపిరి మెట్లు:
నాకు అసలు భయం 'సన్నగా నుడుకంగ' దగ్గర. పచ్చి రాజ్మాను సన్నమంట మీద పెట్టి కబుర్లలో పడితే కడుపు పాడవుతుంది. వాటిలో లెక్టిన్ అనే విషపదార్థం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం 10 నిమిషాలు కుతకుత ఉడికించాలి. ఆ తరువాతే సన్నమంట. ఈ విషయంలో స్వర్ణముఖి అక్క పద్యం వంటకు కూడా పనికొస్తుంది.

చంద్రగిరి కోట:
నా పద్యంలో రాజ్మా అన్న మాటే లేదు తమ్ముడూ. చట్టిలో ఉన్నది ఉలవలేమో!

ఊరిబిండి:
మాంస మనుచుఁ దలఁచి మఱిమఱి యడుగంగ
నల్లుఁ డపుడు నవ్వి యత్త చెప్పె
మాంస మెక్కడయ్య? మా యూరి పనసయె!
కాఫి పోయఁ గూర కమ్మనయ్యె

కాణిపాకం మాస్టారు:
ఇది అసలైన పూరణ. కాఫీ నలుపు వల్ల కూర రంగు ముదిరింది, పనస పీచు వల్ల ముక్క మాంసంలా విడింది, అల్లుడు మోసపోయాడు. రెండు పాదాలు మాంసంతోనే మొదలుపెట్టడం కావాలనే చేశావని అర్థమైంది. అల్లుడు టెక్సస్ వాడైతే ఆ భ్రమ మరీ సహజం. అక్కడి శాసనసభ 1977లో మాంసం చిలీని రాష్ట్ర వంటకంగా ప్రకటించింది, అందులో రాజ్మాలాంటి గింజలు వెయ్యడమే తప్పనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

తోతాపురి:
మన వైపు మామిడి గానీ పనస ఎక్కడక్కా? 'మా యూరి' అంటే ఒప్పుకోను. పనసకు పేరుపడ్డ తమిళనాడు పణ్రుట్టి నుంచి లారీలో వచ్చిందని రాయాలి.

ఊరిబిండి:
మా పెరట్లో చెట్టుంది నాయనా, వచ్చి చూసుకో. లేత కాయ కొయ్యాలి, ముదిరితే తీపొచ్చి కూర చెడుతుంది. చేతికి నూనె రాసుకుని కొయ్యి, లేకపోతే బంక వదలదు. ముక్కలు విడిగా ఉడికించి, చేత్తో చిదిపి, అప్పుడు మసాలాలో వెయ్యి. డికాషన్ పలచగా ఉంటే వెయ్యకు, మొదటిసారి దిగిన చిక్కటిదే వెయ్యి. నలుగురి కూరకు చిన్న గ్లాసులో సగం చాలు.

స్వర్ణముఖి:
మాస్టారూ, 'గారమ్మునకు జోడు' అందంగా ఉంది, కానీ నా పాదం నేను మార్చను. చేదు తగిలాక నోరు కారాన్ని కాసేపు పట్టించుకోదు, నేను రాసింది ఆ క్షణం గురించి.

చంద్రగిరి కోట:
మార్చకండి అక్కా. 'నణఁగించు' ఉంటేనే మూడో పాదానికి ఊపు. 'జోడు' పెడితే అక్కడే చతికిలబడుతుంది. ఈ ఒక్క విషయంలో నేను మీ పక్షమే.